సిగ్నల్‌కి ముందు జరిగేది కూడా రాయాల్సింది

రియాక్షన్ టైమ్ గురించి మీరు వేసిన వ్యాసంలో, సిగ్నల్ వచ్చాక మెదడు ఎంత వేగంగా స్పందిస్తే అదే రియాక్షన్ టైమ్ అన్నట్టు రాశారు. సిగ్నల్‌కి ముందు జరిగేది వదిలేశారు, అసలు విషయం అక్కడే ఉంది.

గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో మా అమ్మాయి 100 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తుంది. 'సెట్' అనగానే నడుం పైకి లేస్తుంది, వేళ్లు గీత వెనక బిగుసుకుంటాయి, ఇక ఒళ్లు కదలదు. మెదడు మాత్రం పనిలోనే ఉంటుంది. 2006లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు కోతుల్లో చూసింది ఇదే. చెయ్యి ఎటు చాపాలో ముందే తెలిస్తే ప్రీమోటార్ కార్టెక్స్‌లో (కదలికను ముందుగా సిద్ధం చేసే మెదడు భాగం) నాడీకణాల చురుకుదనంలో హెచ్చుతగ్గులు తగ్గి, ఒక స్థితికి కుదురుకుంటాయి. అలా కుదురుకున్నాక 'గో' అంటే చెయ్యి త్వరగా కదులుతుంది, కుదురుకోకముందే 'గో' అంటే ఆలస్యమవుతుంది.

కోచ్‌లకి నా మనవి, పిల్లల్ని స్లో అని తిట్టకండి. మొదట్లో మా పాపకి నేర్పినాయన 'సెట్', విజిల్ ఒక్క ఊపిరిలో కానిచ్చేవారు, పాపం రోజూ వెనకబడేది. కాస్త వ్యవధి ఇవ్వండి. అదీ ప్రతిసారీ ఒకేలా వద్దు, అలవాటైతే విజిల్ వినకుండా అంచనాతో లేస్తారు. పోటీల్లో తుపాకీ పేలాక 0.1 సెకను లోపు కదిలినా ఫాల్స్ స్టార్ట్ కిందే లెక్క.