ముందు వైరింగ్, తర్వాతే పెయింటింగ్

పాత బండిని బాగు చేయిస్తున్నామంటూ మనవాళ్లు పెట్టే ఫోటోలు చూడండి. కొత్త పెయింటు, మెరిసే బంపరు, కొత్త సీటు కవర్లు. డాష్‌బోర్డు వెనక ఏముందో చూపించే ఫోటో ఒక్కటీ ఉండదు. నాకు మండేది అక్కడే. అంబాసిడర్‌కు లక్షలు పోసి రంగు వేయిస్తారు, లోపల పెళుసెక్కిన పాత వైర్లకు మాత్రం టేపు చుట్టి వదిలేస్తారు. పెయింటు బాగోకపోతే బండి అందం పోతుంది, అంతే. వైరింగ్ బాగోకపోతే బండి తగలబడుతుంది.

హైదరాబాద్‌లో ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరికెళ్లినా ముందు వినపడేది 'డైరెక్ట్ ఇచ్చేద్దాం అన్నా'. అంటే మధ్యలో స్విచ్చో ఫ్యూజో లేకుండా వైరును నేరుగా కలిపేయడం. స్విచ్ పనిచేయకపోతే డైరెక్ట్. ఫ్యూజు పదే పదే పోతుంటే డైరెక్ట్. ఎందుకు పోతోందో వెతికే ఓపిక ఉండదు. ఆ కాలపు చాలా బ్రిటిష్ డిజైన్ బండ్లలో ఉన్నదే రెండు ఫ్యూజులు, హెడ్‌లైట్లకు అదీ లేదు. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 10 ఆంపియర్లు ఆ ముసలి స్విచ్ గుండానే పోవాలి. వెలుతురు చాలట్లేదని 100 వాట్లవి పెడితే 16 దాటుతుంది. రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు), ఒక ఫ్యూజు బాక్సు పెడితే స్విచ్ మీద భారం తగ్గుతుంది, పైకి ఏమీ కనపడదు. అమ్మీటరు (కరెంటు కొలిచే మీటరు) ఉన్న బండైతే ఇంకా జాగ్రత్త. స్టార్టర్‌ది తప్ప బ్యాటరీకి వచ్చీపోయే కరెంటంతా దాని వెనక నట్ల మీదుగానే వెళ్తుంది. నట్టు వదులైతే వేడెక్కి వైరు కరుగుతుంది.

ఇక మీటర్లు. మా బాబాయి పాత బండి డాష్‌బోర్డుకు కొత్త రంగు వేయించాక పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ పైకెక్కి కూర్చున్నాయి. షాపతను చూడగానే 'మీటర్లు పోయాయి సార్, డిజిటల్ పెట్టుకోండి' అన్నాడు. రెండు మీటర్లు ఒకేసారి ఎలా పోతాయి? వేడికి వంగే రెండు లోహాల పట్టీతో ముల్లు కదిలే ఈ రకం బైమెటల్ మీటర్లకు వెనక చిన్న స్టెబిలైజర్ డబ్బా ఉంటుంది. మీటర్లకు సగటున 10 వోల్టులే అందేలా అది కరెంటును కలుపుతూ తెంపుతూ ఉంటుంది. దాని ఎర్త్ దాని బాడీ నుంచే. ఎర్త్ అందకపోతే ఆ తెంపడం ఆగిపోయి బ్యాటరీ వోల్టేజీ మొత్తం మీటర్లకు ఎక్కుతుంది, ముళ్లు రెండూ ఎక్కువ చూపిస్తాయి. ఇక్కడ ఎర్త్‌కు అడ్డుపడింది కొత్త పెయింటే! స్క్రూ కింద రంగు గీకి, విడిగా ఒక నల్ల వైరు లాగితే రెండూ దారికొచ్చాయి. ఆ షాపతని మాట వినుంటే బంగారంలాంటి మీటర్లు చెత్తబుట్టలోకి పోయేవి.

స్పీడోమీటరు ముల్లు ఊగుతున్నా అంతే, చాలాసార్లు తప్పు కేబులుదే. కేబులు పైకొసకు గ్రీజు దట్టించకండి, అది పాకి మీటరులోకి చేరుతుంది.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రోల్స్ రాయిస్‌ను చూసి మురిసిపోతాం. దానికి టచ్ స్క్రీన్ బిగిస్తామంటే ఊరుకుంటామా? మన ఇంటి బండికి మాత్రం ఎందుకు బిగిస్తున్నాం? అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పారేసిన ఒరిజినల్ మీటరు కోసం రేపు పుత్లీబౌలి, రాణిగంజ్ స్పేర్‌పార్ట్స్ షాపులన్నీ తిరిగినా దొరుకుతుందన్న నమ్మకం లేదు.

వైర్లు విప్పేముందు ప్రతి కొసకూ చీటీ అంటించండి, ఫోటోలు తీయండి. కొత్తవి వేసేటప్పుడు పాత రంగులే వేయించండి. బ్రిటిష్ పద్ధతిలో గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఇగ్నిషన్ కరెంటు ఫ్యూజు దాటాక వచ్చేది, నలుపు ఎర్త్. చవగ్గా వస్తుందని అన్నిటికీ ఎర్ర వైరే లాగిస్తే తర్వాత పనిచేసేవాళ్లకు నరకం.

ఇంకొక్క మాట. మీటరు విప్పి, వెంట్రుకంత స్ప్రింగును సరిచేసే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పెయింటు షాపులో అడిగినంత ఇచ్చి, వాళ్ల దగ్గర రెండు వందల కోసం బేరమాడటం నాకు అస్సలు నచ్చదు. అలాంటి పనివాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే, వాళ్లను అడిగి షాపు ఎక్కడో కింద రాయండి. పని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లం చాలామందిమి ఉన్నాం.