103 గారికి, వెయిటింగ్ లిస్టు నుంచి

గౌరవనీయులైన 103 గారికి,

తెనాలి నుంచి నమస్కారాలు. ఆస్ట్రేలియా వాళ్ళు తల్లిదండ్రులకిచ్చే పర్మనెంట్ వీసాల్లో 103 నంబరు వీసావైన మీ ఫీజు తక్కువని మా అమ్మాయి చెబితే, 2023లో నేనూ మా ఆవిడా మీకు దరఖాస్తు పెట్టుకున్నాం. మీరు కులాసాగానే ఉండి ఉంటారు. మీకు వయసు పెరగదు కదా.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. 34 ఏళ్ళు రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుని రిటైరైనవాణ్ణి. వెయిటింగ్ లిస్టు నాకు కొత్త కాదు. సంక్రాంతి ముందు కిటికీలోంచి చెయ్యి దూర్చి, "సార్, ఇది కన్ఫర్మ్ అవుద్దంటారా?" అని అడిగితే నంబరు చూసి చెప్పేసేవాణ్ణి. పన్నెండైతే ఇంటికెళ్ళి హాయిగా పడుకోమనేవాణ్ణి. తొంభై అయితే బస్సు చూసుకోమనేవాణ్ణి. మీ దగ్గర నా నంబరెంతో నాకే తెలీదు. తెలిసిందల్లా ఒకటే: తల్లిదండ్రుల వీసాలన్నిటికీ కలిపి లక్ష మంది పైనే క్యూలో ఉన్నారు, కొత్తగా మీ వరసలో నిలబడ్డవాళ్ళకి 30 ఏళ్ళ పైమాటే.

లెక్క వేసి చూశాను, అలవాటు పోదు. నేను 1957లో పుట్టాను. వీసా చేతికొచ్చేసరికి నాకు 96. అప్పుడు మీరు ఆరోగ్య పరీక్ష చేయిస్తారట, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో ఎక్స్‌రే తీస్తారట. ఉంటే తీయండి, నాకేం అభ్యంతరం లేదు. మా అమ్మాయికి అప్పటికి 70. మీ దేశంలో 67కే వృద్ధాప్య పింఛను కదా, ఆ డబ్బుల్లోంచే టాక్సీ మాట్లాడుకుని, చేతికర్రతో ఎయిర్‌పోర్టుకొచ్చి నాన్నని రిసీవ్ చేసుకుంటుంది. ఎవరు ఎవరిని చూసుకోవడానికి వెళ్ళారో ఇరుగుపొరుగుకి అర్థం కాదు.

మీ అన్నగారు 143 సంగతి కూడా కనుక్కున్నాం. ఆయన మా తత్కాల్ లాంటివాడు. మనిషికి రెండో వాయిదా ఒక్కటే 43,600 ఆస్ట్రేలియా డాలర్లు, అంటే పాతిక లక్షలు అటూ ఇటూ. ఇద్దరికీ అర కోటి. ఆ డబ్బుకి మా బుర్రిపాలెం రోడ్డులో ఇల్లమ్మాలి. సరే, అమ్మితే రేపే ఎక్కిస్తారా అంటే, ఆయన దగ్గరా 12 ఏళ్ళకి తక్కువ లేదు. నా సర్వీసులో పన్నెండేళ్ళు ఆగే తత్కాల్ టికెట్టు చూడలేదు.

ఇక మీ చిన్న తమ్ముడు 870, 2019లో పుట్టినవాడు. వాడు అచ్చం ప్లాట్‌ఫాం టికెట్టు. మూడేళ్ళో ఐదేళ్ళో ఉండొచ్చు, మొత్తం కలిపి పదేళ్ళు దాటకూడదు. ఐదేళ్ళకైతే మనిషికి పది వేల డాలర్ల పైన కట్టి ప్లాట్‌ఫాం మీద నిలబడి బండికి చెయ్యూపొచ్చు, ఎక్కకూడదు. ఉద్యోగం చెయ్యకూడదన్న షరతు కూడా ఉంది. పొద్దున్నే మనవడికి స్నానం పోసి, ఇడ్లీ పెట్టి, స్కూల్లో దింపి, సాయంత్రం తీసుకొచ్చి, మధ్యలో రెండు కూరలు, ఒక పచ్చడి చేసే మా ఆవిడ చేసేది ఉద్యోగం కాదు కాబట్టి పర్వాలేదు.

దరఖాస్తులో ఒక్క విషయంలో మాత్రం మేం దర్జాగా పాసయ్యాం. పిల్లల్లో సగం మందైనా మీ దేశంలో స్థిరపడి ఉండాలి, లేదా మరే దేశంలో కన్నా మీ దేశంలో ఎక్కువమంది ఉండాలి అన్నారు. మాకిద్దరు. అమ్మాయి మెల్‌బోర్న్, అబ్బాయి హైదరాబాద్. సరిగ్గా సగం! ఆ రోజుల్లో గోడల మీద ఎర్ర త్రికోణం వేసి ‘మేమిద్దరం, మాకిద్దరు’ అని రాస్తే విన్నందుకు ఇన్నాళ్ళకి క్యాన్‌బెరాలో మార్కులు పడ్డాయి. ఎదురింటి హెడ్మాస్టరు గారికి ముగ్గురు. సిడ్నీలో ఒకరు, డల్లాస్‌లో ఒకరు, గుంటూరులో ఒకరు. పాపం, అన్ని దేశాలకీ సమానంగా పంచాడు. ఫెయిల్.

కాగితాల దగ్గరే మా పరువు పోయింది. పెళ్ళి సర్టిఫికెట్ కావాలన్నారు. 1981లో మాకెవడిచ్చాడు సర్టిఫికెట్? నలభై రెండేళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్ ఆఫీసుకెళ్ళి నిలబడ్డాం, ముందొక పాతికేళ్ళ జంట, వెనకొక పాతికేళ్ళ జంట. పెళ్ళి ఫోటోలో మా ఆవిడ తల బాగా వంచుకుంది, పాపిట బిళ్ళ తప్ప ఏం కనబడదు. "ఈవిడే ఆవిడని రుజువేంటండీ?" అన్నాడు గుమాస్తా కుర్రాడు. "నలభై రెండేళ్ళు వండి పెట్టాను, చాలదా?" అంది మా ఆవిడ. చాలదట. బీరువా అడుగున శుభలేఖ దొరికింది, నాలుగు మూలలా పసుపు ఇంకా అంటుకునే ఉంది. సాక్షులకి వెతికితే, పెళ్ళికొచ్చినవాళ్ళలో సగం మంది ఫోటోలై గోడెక్కారు. చివరికి మా పెదనాన్నగారబ్బాయి వచ్చాడు. కాఫీ చల్లారిందని అలిగి విడిదిలోంచి కదలనన్న మనిషి. పెళ్ళి జరిగిందనడానికి ఆ చల్లారిన కాఫీ బాగా గుర్తుందని సంతకం పెట్టాడు.

అదంతా కట్ట కట్టి పంపితే అమ్మాయి పెర్త్‌లోని మీ ఆఫీసుకి కొరియర్ చేసింది. అందిందని మీ జవాబొచ్చింది. నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, పొలం పాస్‌బుక్కు ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే మా ఆవిడ భద్రంగా పెట్టింది.

103 గారూ, వృత్తి ధర్మం కొద్దీ ఒక్క మాటంటాను. మా దగ్గర వెయిటింగ్ లిస్టుకి కూడా ఒక హద్దుంది. అది నిండితే స్క్రీన్ మీద ‘రిగ్రెట్’ అని పడుతుంది. ఇక టికెట్టివ్వం, డబ్బు తీసుకోం. ఆ మాట మొహం మీద చెప్పినందుకు పండగ రోజుల్లో ఎన్ని తిట్లు తిన్నానో లెక్కలేదు. తిట్టినవాడు తిట్టుకుంటూనే బస్టాండుకి పోయి, రాత్రికి ఊరు చేరేవాడు. మీరు మాత్రం చచ్చినా రిగ్రెట్ అనరు. నవ్వుతూ ఫారం తీసుకుంటారు, ఫీజు తీసుకుంటారు, నిలబెడతారు. ఎప్పటికీ రాని వీసాకి దరఖాస్తు పెట్టుకోనివ్వడం క్రూరం, అనవసరం అని 2023లో మీ దేశపు వలస విధానాన్ని సమీక్షించిన నిపుణులే రాశారు. వాళ్ళని మా కౌంటర్లో కూర్చోబెడితే బాగా పనిచేసేవాళ్ళు.

అలాగని క్యాన్సిల్ చేసుకోను. ఆదివారం వీడియో కాల్లో మనవడు ఫోను సోఫాలో పడేసి పరిగెడతాడు. మేమిద్దరం కాసేపు మెల్‌బోర్న్ సీలింగు ఫ్యాను చూస్తాం. కాల్ అయ్యాక మా ఆవిడ అడుగుతుంది, "మన 103 ఎంతవరకొచ్చిందండీ?" అని. నేను కౌంటర్లో ఎవరికీ చెప్పని అబద్ధం ఆవిడకి చెబుతాను: "కదులుతోంది."

ఇట్లు,
మీ వెయిటింగ్ లిస్టు ప్రయాణికుడు

తా.క.: వీసా వచ్చిందన్న ఉత్తరం తెచ్చినప్పుడు ఇంటికి తాళం వేసి ఉంటే, పక్కవాటాలో ఇచ్చి వెళ్ళమనండి.