చాకేగా బావా!

ఇవాళ పొద్దున పదకొండింటికి జరిగింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నా. పోస్టు పొడుగైందని కామెంట్లు పెట్టకండి, నచ్చకపోతే పైకి తోసేయండి.

మా బావమరిది పోరంకిలో ఫ్లాటు కొన్నాడు. ఎల్లుండి గృహప్రవేశం. గుమ్మానికి ఆఖరి కోటు పెయింటు పడాలి. పెయింటరు టిఫినుకి వెళ్లాడు, డబ్బా మూత రావట్లేదు. "బావా, నీ జేబులో ఎప్పుడూ చాకు ఉంటుందిగా, ఇలా ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను. ఉప్పు చేతికి అందిస్తే గొడవలొస్తాయని మా ఆవిడ ఎవరికైనా సరే గిన్నె కింద పెట్టి తీసుకోమంటుంది. ఉప్పు సంగతి నాకు తెలీదు గానీ చాకు అందిస్తే మాత్రం ఖాయంగా వస్తున్నాయి.

నేను అటు తిరిగి మామిడాకుల లెక్క చూస్తున్నా. టిక్ మని చప్పుడు. చాలా చిన్నది. చాకులు వాడేవాళ్లకి ఆ చప్పుడు తెలుసు, వినగానే కడుపులో దేవినట్టవుతుంది. తిరిగి చూస్తే డబ్బా మూత ఎక్కడిదక్కడే ఉంది. చాకుకి మొన లేదు. మూడు మిల్లీమీటర్లు ఎగిరి ఎక్కడో కొత్త టైల్స్ మీద పడింది.

"చాకేగా బావా! బీసెంట్ రోడ్డులో యాభై రూపాయలకి దొరుకుతుంది. సాయంత్రం రెండు తెచ్చిస్తాలే."

రెండట. వడ్డీతో సహా.

అసలు మంట మొన విరిగినందుకు కాదు. అది స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ చేసే క్యాడెట్ అనే మడత చాకు. ఎంతకి కొన్నానో ఇక్కడ రాయను, ఈ పోస్టు మా ఆవిడ చదువుతుంది. ఆమెకి చెప్పిన రేటే నిజం అనుకోండి. మడిస్తే 84 మిల్లీమీటర్లు, బరువు యాభై గ్రాములు కూడా ఉండదు, చొక్కా జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలీదు. అందులో ఒక అలుగు, అంటే కోసే బ్లేడు, గోళ్లకి ఆకురాయి, డబ్బా కోసేది, సీసా మూత తీసేది ఉంటాయి. ఆ సీసా మూత తీసేదాని చివర చూడండి, మందంగా, బల్లపరుపుగా స్క్రూడ్రైవరు ఉంటుంది. దాన్ని పెయింటు డబ్బా మూత కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కితే చాలు, మూత లేచి కూర్చుంటుంది. అలుగు పక్కనే ఉంది అది. పక్కనే! గోటితో లాగితే వస్తుంది. దాన్ని వదిలేసి, టమాటా కోసే సన్నటి మొన తీసుకెళ్లి గునపంలా దూర్చాడు మహానుభావుడు.

ఆ స్క్రూడ్రైవరు అక్కడికి ఊరికే రాలేదు. 1889లో స్విట్జర్లాండు సైన్యానికి కొత్త తుపాకీ వచ్చింది. దాన్ని విప్పి తుడవాలంటే స్క్రూడ్రైవరు కావాలి. అందుకని సిపాయిలకి ఇచ్చే చాకులో కోయడానికి అలుగు, బెజ్జం వెయ్యడానికి దబ్బనం లాంటిది, డబ్బా తెరిచేది, స్క్రూడ్రైవరు, నాలుగూ విడివిడిగా పెట్టారు. అంత సరుకు చేయగలవాళ్లు సొంత దేశంలో లేక మొదటి విడత జర్మనీలోని జోలింగెన్‌లో చేయించుకున్నారు. కార్ల్ ఎల్సెనర్ అనే ఆయనకి రోషం వచ్చి 1891 నుంచి తనే చేసి ఇచ్చాడు. విక్టోరియా అంటే వాళ్లమ్మ పేరు. ఆవిడ పోయాక 1909లో తన చాకులకి ఆ పేరు పెట్టుకున్నాడు, విక్టోరినాక్స్ అన్నది అందులోంచి వచ్చిందే. ఏ పనికి ఏది తీయాలో నూట ముప్పై ఏళ్ల కిందటి స్విస్ సిపాయికి తెలిసింది, బీటెక్ చదివిన మా బావమరిదికి తెలీలేదు. మెకానికల్ బీటెక్ అండీ, గమనించగలరు.

మనవాళ్లతో వచ్చిన చిక్కే ఇది. చాకు అంటే వాళ్లకి రెండే తెలుసు. ఒకటి, యాభై రూపాయల ఆపిల్ కాయల చాకు. రెండోది, "ఎవర్ని పొడుస్తావు గురూ?" ఈ రెండో ప్రశ్న నన్ను ఇప్పటికి ఎన్ని వందలసార్లు అడిగారో. బెజవాడ కదా అని ఒక కన్ను కూడా కొడతారు. పార్సిలు దారం కోస్తే పొడుస్తావా, జామకాయ కోస్తే పొడుస్తావా. మొన్నొక పెళ్లిలో చిన్నపిల్లకి బొమ్మ ప్యాకెట్టు విప్పుతుంటే ఓ పెద్దాయన "దీనికి లైసెన్సు ఉందా బాబూ?" అని సీరియస్‌గా అడిగాడు. ఆయుధాల నిబంధనల్లో రాసింది తొమ్మిది అంగుళాలకి మించి పొడవు గానీ, రెండు అంగుళాలకి మించి వెడల్పు గానీ ఉన్న కత్తుల గురించి. అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి లెక్కలోకి రావు. నా అలుగు మూడు అంగుళాలు కూడా లేదు బాబాయిగారూ. మీ వంటింట్లో ఉన్న కత్తిపీట చూసుకోండి ముందు.

మరి అంత చాకులో ఏం చూస్తారు మీరు అంటారా? ఎవరూ అడగలేదు, అయినా చెప్తా.

అన్నిటికంటే ముందు చూసేది అంచు వెనక మందం. అంచు పదునుగా ఉందా, ముంజేతి మీద గీస్తే వెంట్రుకలు తెగుతున్నాయా అని చూసేది యూట్యూబు వీరులు. పదును ఎవడైనా పెట్టుకోవచ్చు. అంచు దాటాక అలుగు ఎంత సన్నగా ఉంది, అది చూడాలి. సన్నగా ఉంటే ఉల్లిపాయలోకి జారుతుంది. మందంగా ఉంటే ఎంత పదునున్నా ఉల్లిపాయని కోయదు, చీలుస్తుంది, గొడ్డలి కట్టెని చీల్చినట్టు. ఈ మాట మా వాట్సాప్ గ్రూపులో అంటే నన్ను తన్నడానికొస్తారు. అక్కడ అందరికీ నాలుగు మిల్లీమీటర్ల మందం కావాలి. ట్యాంకు బద్దలుకొడతారు కాబోలు. ఒకాయన దగ్గర పదకొండు చాకులున్నాయి, ఒక్కదానితో నిమ్మకాయ కోసిన పాపాన పోలేదు. ఫోటో పెడతాడు, కింద ఉక్కు పేరు రాస్తాడు, మిగతా వాళ్లు దండాలు పెడతారు. డీ2నా, ఎస్30వీనా అని గోత్రం అడిగినట్టు అడుగుతారు. నా క్యాడెట్ ఉక్కు మెత్తనిది, గట్టితనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 56 దగ్గర ఉంటుంది. గట్టి ఉక్కుల ముందు చిన్నచూపే. కానీ పింగాణీ కప్పు అడుగున ఉండే గరుకు అంచు మీద నాలుగుసార్లు గీస్తే మళ్లీ టమాటా కోస్తుంది. ఆ పదకొండు చాకులాయన తన దానికి పదును పోతే హైదరాబాదు పంపిస్తాడు. కొరియర్లో.

తర్వాత తెరుచుకునే తీరు. దీనికి లాక్ ఉండదు, వెనక స్ప్రింగు బిగువు మీద నిలబడుతుంది. తెరిచినప్పుడు టక్, మూసినప్పుడు టక్, రెండూ ఒకేలా వినపడాలి. అలుగు అటూ ఇటూ ఊగకూడదు. మడిచాక రెండు రేకుల మధ్య సరిగ్గా నడిమిన కూర్చోవాలి, పక్కకి రాసుకోకూడదు. ఇవన్నీ చూసి, చెవి దగ్గర పెట్టుకుని విని కొంటాం. పెళ్లిచూపుల్లో కూడా నేను ఇంత చూడలేదు. ఈ వాక్యం మా ఆవిడ చదవకపోతే బాగుండు.

లాక్ కావాలంటే ఒపినెల్ ఉంది నా దగ్గర. ఫ్రాన్స్‌లో సవోయ్ కొండల వాడు జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు. ఒక కర్ర పిడి, ఒక అలుగు, ఒక మేకు, ఒక పట్టీ. 1955లో దానికి తిరిగే ఉంగరం పెట్టారు. అలుగు తెరిచి ఉంగరం తిప్పితే మరి వేలు మీద మూసుకోదు. ఇంతకంటే తక్కువ సామానుతో లాక్ చేసి చూపించండి ఎవరైనా. పిడి బీచ్ అనే చెట్టు కర్ర. మన కృష్ణ ఒడ్డు గాలికి, ఆగస్టు తేమకి అది ఉబ్బి అలుగుని కరిచి పట్టుకుంటుంది. పిడి వెనక కొనని బల్ల మీద ఠక్కున కొడితే కాస్త బయటికొస్తుంది, అప్పుడు లాగాలి. చెడిపోయిందనుకుని మా ఇంట్లో వాళ్లు దాని జోలికి రారు. నాకు కావాల్సిందీ అదే. ఒక్కసారి మా అత్తగారి చేతిలో పడింది. అది కార్బన్ ఉక్కు, బంగినపల్లి కోస్తే పులుపుకి నీలంగా, బూడిదగా రంగు తిరుగుతుంది. ఆ రంగే దానికి కవచం, ఎర్ర తుప్పుని అంత తొందరగా దగ్గరికి రానివ్వదు. ఏడాది పాటు పండ్లు కోసి కోసి తెచ్చుకున్న రంగుని, పాపం తుప్పనుకుని స్టీలు పీచుతో తళతళా తోమిపెట్టారు. ఏమంటాం? థాంక్స్ అత్తయ్యా అన్నాను.

ఖరీదు గురించి కూడా కాదు నా ఏడుపు. మాది మందుల హోల్‌సేల్ కొట్టు, రోజుకి నలభై అట్టపెట్టెలు కోస్తాం, పాతిక రూపాయల కట్టర్‌తోనే. ఆ కట్టర్ ఎంత గొప్ప వస్తువో ఎవడికైనా పట్టిందా? 1956లో జపాన్‌లో యోషియో ఒకాదా అని, కాగితాలు కోసే పనిలో ఉన్నాయన, బ్లేడు అంచు ఒక్కటి మొద్దుబారితే మొత్తం పారేయడం నచ్చక బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. గాజు పగిలితే కొత్త అంచు వస్తుంది, చాక్లెట్ బిళ్ల గీతల దగ్గర విరుగుతుంది. ఈ రెండూ కలిపి గీతలున్న బ్లేడు చేశాడు. ఓల్ఫా అంటే జపాన్ భాషలో విరిచే బ్లేడు అనే అర్థం. మా గోడౌన్ కుర్రాళ్లు ఆ గీతలు డిజైను అనుకుంటారు. చివరి ముక్క మొద్దుబారితే బలం పెట్టి రుద్దుతారు గానీ విరవరు. కట్టర్ వెనక మూత ఊడదీసి, దాని గాడిలో ముక్క పెట్టి వంచితే విరుగుతుందని నేను చూపించిన రోజు గారడీ చూసినట్టు చూశారు. అందులో ఒకడు మర్నాడే ఆ మూత పారేశాడు, అడ్డమట.

విరగాల్సింది విరవరు, విరగకూడనిది విరుస్తారు.

సరే, మొన పోయింది. దానికి మా బావమరిది చెప్పిన రెండో పరిష్కారం వినండి. "సాన పట్టే అతను సైకిలు మీద వస్తాడుగా బావా, పది రూపాయలిస్తే సూదిలా చేసిస్తాడు." అతని మీద నాకేం కోపం లేదు, కత్తిపీటలకి అతనే దేవుడు. కానీ ఆ చక్రం మీద నిప్పురవ్వలు లేస్తుంటే జనం బాగా పదునెక్కుతోందని మురిసిపోతారు. సన్నటి అలుగు ఆ వేడికి నీలం తిరిగిందంటే దాని గట్టితనం అక్కడితో సరి. తర్వాత ఎన్నిసార్లు పెట్టినా పదును నిలవదు. మొన విరిగితే అంచు వైపు ముట్టుకోకూడదు. వెన్ను వైపు నుంచి చల్లగా, రాయి మీద, నీళ్లు పోసుకుంటూ అరగదీసి వెన్నునే కిందికి దించుకురావాలి. అంచుని కలిసిన చోట కొత్త మొన పుడుతుంది. ఈ మాట చెప్తుంటే వాడు ఫోను చూసుకుంటున్నాడు.

ఫోను చూసుకుంటూ తలూపడం అంటే మా బాబాయి గుర్తొచ్చాడు. అప్పుడు ఫోన్లు లేవు, పేపరు చూసుకుంటూ ఊపేవాడు.

మాది తెనాలి దగ్గర పల్లె. తాతయ్య దగ్గర కొమ్ము పిడి మడత చాకు ఒకటి ఉండేది, ఊళ్లో కమ్మరి చేసింది. రొంటిన దోపుకునేవాడు. చుట్ట కొన కోయడానికి అదే, వేపపుల్ల చెక్కడానికి అదే, గోనె సంచి కుట్టు తెంపడానికి అదే. జామకాయ నాలుగు ముక్కలు చేసి మొన మీద గుచ్చి ఒక్కో మనవడికి ఒక్కోటి ఇచ్చేవాడు. పనైపోగానే పంచెకి తుడిచి, సాయంత్రం మేకు దగ్గర ఒక చుక్క ఆముదం వేసేవాడు. ఆ చాకు తెరిస్తే ఎంత మెత్తగా వచ్చేదో, మూస్తే ఎంత గట్టిగా టక్ మనేదో, ఇవాళ నేను వేలకి వేలు పోసి వెతుక్కుంటున్నది ఆ చప్పుడే. తాతయ్య పోయాక అది నాకిస్తానన్నాడు బాబాయి. నేను ఇంటరు పరీక్షలు రాసి ఇంటికెళ్లేసరికి పాత సామాన్లవాడికి ఇనుము కింద తూకం వేసేశాడు. విరిగిన గడ్డపార, రెండు గొళ్లాలు, తాతయ్య చాకు, అన్నీ కలిపి ఇచ్చి ప్లాస్టిక్ బకెట్టు తీసుకున్నాడు. నీలం రంగుది. "పాత చాకేగా రా" అన్నాడు పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆ బకెట్టు రెండేళ్లకి పగిలింది, నేను చూశాను, సంతోషించాను కూడా. దొడ్డి వైపు గోడ జరిపి రెండు సెంట్లు కలుపుకున్న సంగతి వేరు, దాని గురించి ఇక్కడ రాయను. రాస్తే రెండు కాదు, రెండున్నర.

ఎల్లుండి గృహప్రవేశానికి బాబాయి కూడా వస్తున్నాడట. మా బావమరిదే ఫోను చేసి పిలిచాడు. కుదిరారు ఇద్దరూ.

రాత్రి పదిన్నరైంది. రాయి నీళ్లలో నానింది. మూడు మిల్లీమీటర్లు దించడానికి గంటో గంటన్నరో పడుతుంది, ఆ గరగర చప్పుడుకి మా ఆవిడ లేచి ఏదో అంటుంది, పడతాను. కానుక కింద ఆమె తమ్ముడికి వెండి కుంకుమ భరిణె కొంది. నేను సాయంత్రం వన్‌టౌన్ వెళ్లి స్క్రూడ్రైవర్ల సెట్టు తెచ్చా. ఆరు సైజులు. కొట్టువాడితో రిబ్బను కూడా కట్టించా. పైన చీటీలో ఏం రాయాలా అని ఆలోచిస్తున్నా.