సింధులో ఆగింది నీళ్లు కాదు, లెక్కలు

పహల్గాం దారుణం జరిగిన మర్నాడు, 2025 ఏప్రిల్ 23న, పాకిస్థాన్‌తో 1960లో చేసుకున్న సింధు జలాల ఒప్పందాన్ని కేంద్రం పక్కన పెట్టింది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. అయితే చుక్క నీరు పోనివ్వమని ఇటు, ఆపితే యుద్ధమేనని అటు గర్జించేవారు ముందు జలాశయాల కొలతలు చూడాలి.

సింధు, జీలం, చీనాబ్ ఏటా మోసుకొచ్చే నీరు సుమారు 13.5 కోట్ల ఎకరా అడుగులు. మన లెక్కలో 5,880 టీఎంసీలు. ఈ మూడు నదుల మీద మనం కట్టుకోవచ్చని ఒప్పందం చెప్పిన నిల్వ 36 లక్షల ఎకరా అడుగులు, అంటే 157 టీఎంసీలు. ఒక్క శ్రీశైలం అంత కూడా కాదు. అందులోనూ కట్టుకున్నది స్వల్పం. చీనాబ్ మీది బగ్లిహార్‌లో విద్యుత్తు కోసం దింపుతూ నింపుకునే నీరు 1.15 టీఎంసీలు. 55 వేల క్యూసెక్కులు వస్తుంటే ఆరు గంటల్లో నిండిపోతుంది. వరద రోజుల్లో దాన్ని ఆపే గేటు మన దగ్గర లేదు.

మరి పాకిస్థాన్ భయమేమిటి? నీరెంత అన్నది కాదు, ఎప్పుడన్నది. నది సన్నబడి, గోధుమ విత్తే వేళ నాలుగు రోజులు గేట్లు మూసినా దిగువ కాల్వలు ఎండుతాయి. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబ్ కాల్వలు కట్టేసిన నాటి నుంచి ఆ భయం వదల్లేదు.

ఆ భయాన్ని 1960లో అదుపు చేసింది స్నేహం కాదు. నీళ్లను కాక నదులనే పంచేశారు: రావి, బియాస్, సట్లెజ్ మనకు; మిగతా మూడూ ప్రధానంగా వాళ్లకు. నీళ్లను వాటాలేసుకున్న కృష్ణాలో పోతిరెడ్డిపాడు నుంచి ఎన్ని క్యూసెక్కులు పోయాయన్న తగాదా ఏటా చూసే తెలుగువారికి ఈ తేడా విడమర్చి చెప్పనక్కర్లేదు. మనకొచ్చిన నదుల నీటికి బదులుగా పాకిస్థాన్ తవ్వుకున్న లింకు కాల్వల ఖర్చుకు మన వంతు 6.2 కోట్ల పౌండ్లు పది వాయిదాల్లో కట్టాం. 1965 యుద్ధం కూడా ఆ చెల్లింపులను ఆపలేదు. రెండు దేశాల సింధు జల కమిషనర్లు ఏడాదికి ఒక్కసారైనా కలవాలి, రోజువారీ ప్రవాహాల లెక్కలు నెలనెలా ఇచ్చిపుచ్చుకోవాలి. చప్పటి గుమాస్తా పనే, కానీ మూడు యుద్ధాలను దాటించింది.

చెడింది బురద దగ్గర. పాకిస్థాన్ అభ్యంతరంతో చీనాబ్ మీది సలాల్ ప్రాజెక్టులో అడుగు తూములు మూసేశాం, జలాశయం పూడిపోయింది. పూడిక బాధను బగ్లిహార్‌పై 2007లో, ఒప్పందం ప్రకారం తగాదా తేల్చే తటస్థ నిపుణుడు గుర్తించి దిగువ గేట్లకు సరే అన్నారు. 2013లో జీలం ఉపనది మీది కిషన్‌గంగ ప్రాజెక్టుపై మధ్యవర్తిత్వ న్యాయస్థానం మాత్రం ఇకపై కట్టేవాటిలో కనీస మట్టం కిందికి దించి పూడిక కడగొద్దంది. పైగా 2022లో ప్రపంచ బ్యాంకు ఒకే తగాదాకు తటస్థ నిపుణుణ్ని, న్యాయస్థానాన్ని కూడా నియమించింది. ఇద్దరూ రెండు రకాలుగా తీర్పిస్తే అమలయ్యేది ఏది? 2023 జనవరిలోనే ఒప్పందాన్ని సవరిద్దామని భారత్ నోటీసు ఇవ్వడం సబబే. దాన్ని నాన్చిన పాకిస్థాన్ ఇప్పుడు ఆ ఒప్పందపు పవిత్రత గురించి మాట్లాడటం విడ్డూరం.

అయినా మన చేతిలో ఉన్న సరైన బేరం పూడిక నిబంధనలూ, తగాదా తీర్చే వరసా. వాటి మీద పట్టుబట్టాలి. ప్రవాహాల లెక్కలు ఆపడం వల్ల ఉగ్రవాదుల కంటే ముందు నష్టపోయేది ఏటి ఒడ్డు పల్లెలు. 2025 ఆగస్టులో జమ్మూలో తావి నది పొంగినప్పుడు ఢిల్లీ మానవతా దృష్టితో పాకిస్థాన్‌కు హెచ్చరిక పంపింది, అదీ కమిషనర్ల ద్వారా కాదు, హైకమిషన్ ద్వారా. వరద గంటల్లో వస్తుంది. చర్చలు ఎప్పుడు మొదలైనా సరే, వర్షాకాలపు గేజీ రీడింగులు, గేట్లు ఎత్తే సమాచారం కమిషనర్ నుంచి కమిషనర్‌కు నేరుగా వెళ్లే ఏర్పాటును కేంద్రం ముందుగా తిరిగి తెరవాలి.