వాగుకు వంతెన వద్దని ఒక పరుగువాడి మనవి

గోదావరి లోయలోనూ దాని చుట్టూ ఉన్న అడవుల్లోనూ పరుగుకు అనువైన దారులు ఉన్నాయని మొట్టమొదట కనుగొన్నది హనుమకొండకు చెందిన మా ఉదయపు బృందమేనని సవినయంగా తెలియజేస్తున్నాను. త్ర్యంబకంలో పుట్టి సముద్రం దాకా 1465 కిలోమీటర్లు సాగే ఆ నది, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకొని ఒళ్లు చేసి, ఏటూరునాగారం, మంగపేటల పక్క నుంచి భద్రాచలం వైపు వంపులు తిరుగుతూ పోతుంటే, కుడిగట్టున టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు కిక్కిరిసిన అడవి ఎన్ని తరాలుగానో నిలబడి ఉంది. మేము వెళ్లి మా చేతి గడియారాలు నొక్కేదాకా అదంతా అడవి కాచిన వెన్నెలే. అక్కడ కోయ గూడేలు ఉన్నాయి కదా, ఆ దారుల్లో మనుషులు ఎప్పటినుంచో తిరుగుతున్నారు కదా అని కొందరు అడుగుతున్నారు. తిరగడం వేరు, రూటు వేరు. తిరిగేవాడికి ఏదో ఒక పని ఉంటుంది. రూటులో పరుగెత్తేవాడికి ఏ పనీ ఉండకూడదు. అది మొదటి నియమం.

మేము ఈ స్థాయికి ఒక్కరోజులో చేరలేదు. షుగరు పరీక్ష కాగితం చూసి డాక్టరు అన్న నాలుగు మాటలతో మొదలుపెట్టి, కొన్నేళ్లపాటు భద్రకాళి చెరువు కట్టనే నమ్ముకున్నాం. కట్ట మంచిదే, గాలీ మంచిదే, కానీ నడిచేవారు అడ్డం. ముగ్గురేసి, నలుగురేసి ఒకే వరుసలో చేతులూపుకుంటూ, ప్లాట్ల ధరలను, అల్లుళ్ల సంపాదనలను కూలంకషంగా చర్చించుకుంటూ పోయే ఆ పెద్దమనుషులు వెనుక ఒకడి ఆయాసం వినిపించినా పక్కకు తప్పుకోరు. తరువాత ఖిలా వరంగల్ మట్టికోట మీదికి మారాం. అక్కడ బర్రెలు అడ్డం. బర్రెలు ప్లాట్ల సంగతి ఎత్తవు గనుక అక్కడ ఒక ఏడాది గడిపాం.

రామప్పకు చేరాక గానీ కాకతీయుల అసలు ఉద్దేశం మాకు బోధపడలేదు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని, 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన తరువాత, జనం మరింతగా వచ్చి నీటిలో తేలే ఇటుకల గురించి విని, మదనికల పక్కన ఫోటో దిగి పోతున్నారు. కూతవేటు దూరంలో ఉన్న చెరువు కట్ట గొప్పతనం వారికి పట్టదు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులను ఆ కాలంలో సాగునీటి కోసం కట్టించారని చరిత్ర పుస్తకాలు చెబుతున్నాయి. గుట్టల నడుమ కట్ట వేసి వాగును నిలిపి, తూముల గుండా నీళ్లు వదిలితే ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా కింది పొలాల్లో వరి పండుతున్న మాట నిజమే కావచ్చును. అయినా ఒక పక్క నీరు, ఒక పక్క పచ్చదనం, కాలికింద మెత్తని మట్టి ఉన్న ఆ కట్ట మీద ఒక్కసారి తెల్లవారుజామున పరుగెత్తినవాడు ఇదంతా కేవలం వరి కోసమంటే ఒప్పుకోడు. మోకాళ్ల నొప్పి ఎరిగిన రాజు తప్ప మరొకడు అట్లా కట్టించలేడు. లక్నవరంలో ఈ కాలంవారు కట్టిన వేలాడే వంతెన కూడా మంచి సాధనస్థలమే. దాని మీద మేము ఆరుగురం ఒకేసారి పరుగెత్తితే, ఎదురుగా వచ్చే పర్యాటకులు తాడు పట్టుకొని ఎక్కడలేని భక్తితో కళ్లు మూసుకుంటారు.

దూరం ఎక్కువని ఒక విమర్శ ఉంది. తెల్లవారుజామున మూడున్నరకు లేచి, రెండు కార్లలో రానూపోనూ సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణించి, తాడ్వాయి అడవిలో 10 కిలోమీటర్లు పరుగెత్తి రావడం ఏ రకమైన ఆరోగ్యమని మా ఇంటావిడ అడిగింది. ఆరోగ్యం దగ్గర పెట్రోలు లెక్కలు చూడకూడదని చెప్పాను. పోయేటప్పుడు ములుగులో ఇడ్లీ, వచ్చేటప్పుడు పస్రాలో మిరపకాయ బజ్జీ తినడంతో పరుగులో పోయినదంతా వడ్డీతో సహా తిరిగి చేరుతున్నదని ఆమె రెండో ఆక్షేపణ. దీనికి నా దగ్గర జవాబు లేదు గనుక ముందుకు పోతాను.

అడవిలో పరుగుకు చట్టపరమైన చిక్కు ఒకటి వచ్చిపడింది. ఏటూరునాగారం అభయారణ్యం గనుక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ అమలులో ఉంటుంది. దాని 27వ సెక్షన్ ప్రకారం, లోపల భూమి ఉన్నవారు, నివసించడానికి అనుమతి పొందినవారు, ప్రజా రహదారి వెంట దాటిపోయేవారు వంటి కొందరికి తప్ప మిగిలినవారికి అనుమతి పత్రం లేనిదే ప్రవేశం లేదు. ఆ పత్రం ఏయే పనులకు ఇవ్వవచ్చో 28వ సెక్షన్‌లో ఉంది: వన్యప్రాణుల అధ్యయనం, ఫోటోలు తీయడం, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవారితో చట్టబద్ధమైన వ్యవహారం. పరుగు ఎక్కడా లేదు. మనిషన్నవాడు ఏదో ఒక పని మీదే అడవికి పోతాడని నమ్మిన అమాయకులు ఆ చట్టం రాశారు. ప్రస్తుతానికి మేము పర్యాటకుల కింద సర్దుకుంటున్నాం. మా బృందంలోని వకీలు సాబ్ మాత్రం చివరి అంశాన్ని పట్టుకున్నారు. గూడెంలో ఒక తేనె సీసా బేరం చేస్తే అది చట్టబద్ధమైన వ్యవహారం అవుతుందని, ఆ వ్యవహారం ఎంత వేగంగా జరపాలో చట్టం నిర్దేశించలేదు గనుక పరుగెత్తుతూ జరపవచ్చునని ఆయన వాదన. సీసా ధర దగ్గర ఇంకా బేరం తెగలేదు.

ప్రకృతి కూడా మాకు పూర్తిగా సహకరించడం లేదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వీచిన పెనుగాలికి వందల ఎకరాల్లో వేలాది మహావృక్షాలు వేళ్లతో సహా నేలకొరిగాయి. కారణమేమిటని శాస్త్రజ్ఞులు తలలు పట్టుకున్నారు. మాకు ఏడో కిలోమీటరు దగ్గర నీడ పోయిందన్న సంగతి మాత్రం ఒక్క నివేదికలోనూ చోటు చేసుకోలేదు. అదే ఏడాది డిసెంబర్ 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ వేళకు భద్రకాళి కట్ట మీద సాధనలో ఉన్న మాలో ఒక్కరికీ అది తెలియలేదు. కాళ్లు వణకడం, కళ్లముందు చెరువు ఊగడం మాకు నిత్యం ఉన్నవే. ఇంటికి వచ్చి టీవీ పెట్టాకే భయపడ్డాం.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన చలికాలం ఒక ఆదివారం, తారు రోడ్డు మీద లారీల బాధ పడలేక, ఒక గూడెం వైపు పోయే బండ్లబాట పట్టాం. ఒర్రె, అంటే చిన్న వాగు, దాటి మలుపు తిరిగేసరికి, కట్టెల మోపు దించుకొని కూర్చున్న ముసలాయన ఒకరు మమ్మల్ని చూసి గాబరాగా లేచి నిలబడ్డారు.

"ఎవలకు బాగలేదు సారూ?"

అందరూ బాగానే ఉన్నారని చెప్పాను.

"మరి ఉరుకుతున్నరు?"

ఆరోగ్యం కోసమని చెప్పాను. ఆయన మా ఆరుగురినీ, మా బూట్లనూ, నడుములకు కట్టుకున్న నీళ్ల సీసాలనూ తీరిగ్గా చూశారు. "మా దిక్కు పానం మీదికొస్తెనే ఉరుకుతరు సారూ" అని మళ్లీ మోపు పక్కన కూర్చున్నారు.

వ్యాయామం పట్ల ఇంతటి అవగాహన లోపం ఎందుకు వచ్చిందా అని విచారించాను. తేలింది ఏమిటంటే, ఆ గూడెంలో ఎవరికైనా జ్వరం ముదిరినా, ఆడమనిషికి నొప్పులు వచ్చినా, మంచానికి తాళ్లు కట్టి, బొంగుకు వేలాడదీసి, డోలీలాగా జెట్టి కట్టి నలుగురు భుజాల మీద మోసుకొని ఒర్రెలు దాటి తారు రోడ్డు దాకా తెస్తారు. 108 బండి అక్కడిదాకానే వస్తుంది. ఆ నలుగురు అలిసిపోతే మరో నలుగురు నడకలోనే భుజం మార్చుకుంటారట. మంచం నేలకు దిగదు, మీద పడుకున్నవారికి కుదుపు తెలియకూడదు. వింటూ ఉంటే నాకు ఒళ్లు పులకరించింది. భుజం మీద బరువు, కాలికింద బురద, చేయి మార్చుకునే క్రమశిక్షణ, ఒక్కోసారి రాత్రివేళ టార్చి వెలుతురు! రిలే పరుగులో ఇంతకు మించిన ప్రమాణాలు ఎక్కడ ఉంటాయి? కానీ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ సమయం నమోదు చేయలేదు. ఎన్ని నిమిషాలు పట్టిందని ఆ పెద్దాయనను అడిగితే, "ఒకపారి అందినం, ఒకపారి అందలే" అన్నారు. ఇటువంటి సమాచారంతో పట్టిక తయారుచేయడం సాధ్యం కాదు.

ఆ బాటకు తారు వేయాలని, వాగు మీద వంతెన కట్టాలని గూడెంవారు ఏళ్ల తరబడి అర్జీలు పెడుతున్నారట. అటవీ అనుమతులు రావలసి ఉందని ప్రతిసారీ ఒకే జవాబు వస్తున్నదట. ఈ జాప్యాన్ని తప్పుపట్టేవారు ఉన్నారు. నేను మాత్రం ఆ ఫైలును ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి జరుపుతూ కాపాడిన వారందరికీ మా బృందం తరఫున కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. తారు మోకాళ్లకు శత్రువు. మట్టిబాటలో రాళ్లు, వేళ్లు, గుంతలు ఉండడం వల్ల చీలమండలు బలపడతాయి. మోకాలి లోతు వాగునీళ్లలో అడుగు వేస్తే పిక్కలకు కలిగే సుఖానికి పట్నంలో గంటల లెక్కన డబ్బు తీసుకుంటారు. రోడ్డు వేస్తే ఆటో వస్తుంది. ఆటో వెనుక బస్సు, బస్సు దిగి టీచరు, టీచరు వెంట నర్సమ్మ, ఆమె వెంట మందులడబ్బా, ఇట్లా ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరితే, కాకతీయుల కాలం నుంచి చెక్కుచెదరని ఆ బాట సహజత్వం ఏమవుతుందో ఆలోచించండి.

వంతెనల విషయంలో వాగులు కూడా మా వైపే ఉన్నాయని వకీలు సాబ్ ఒకసారి అన్నారు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు, జంపన్నవాగు కొండాయి ఊరిని ముంచి, మనుషులను తీసుకుపోయి, దొడ్ల వైపు ఉన్న వంతెనను కూడా ఊడ్చుకుపోయింది. ఆ మాట అన్న తరువాత ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. ఇంకెప్పుడూ అనవద్దని, ముఖ్యంగా కొండాయి దరిదాపుల్లో అనవద్దని ఆయనకు చెప్పాం.

గూడెంవారిలో పరుగు పట్ల సహజమైన ఆసక్తి లేదనే నిందను నేను ఒప్పుకోను. మే నెల ఎండల్లో మేము కారు దిగి కాళ్లు సాగదీసే వేళకు, ఇంటిల్లిపాదీ తునికాకు కోసుకొని, మూటలు నెత్తిన పెట్టుకొని తిరుగుముఖం పట్టి ఉంటారు. ఇంటికి పోయి నీడన కూర్చొని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కడతారు. ఆకుల లెక్క ఇంత కచ్చితంగా రాసుకునే వ్యవస్థలో అడుగుల లెక్క రాసుకునేవారు లేకపోవడమే విచారకరం. రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర సంగతీ అంతే. పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును తీసుకొని పూజారులు అడవి మీదుగా కాలినడకన మేడారం చేరతారు. బూట్లు లేవు, సగం దూరంలో అరటిపండు ఇచ్చేవారు లేరు, చివరికి పతకం కూడా లేదు. (జాతర మాట వచ్చింది గనుక చెబుతున్నాను: నిలువెత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, మొక్కుకున్న మా మిత్రుడొకడు ఆరు నెలలు పరుగెత్తి ఎనిమిది కిలోలు తగ్గి, ఆ మేరకు తల్లులకు ఇచ్చే బెల్లం మిగుల్చుకున్నాడు. వచ్చిన నెలకే తొమ్మిది కిలోలు పెరిగాడు. తల్లుల తూకం వేరుగా ఉంటుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాడు.)

కాబట్టి సంబంధిత అధికారులకు మేము పెట్టుకోబోయే అర్జీ సారాంశం ఇది. ఆ బాటను ఉన్నదున్నట్టు పరుగుదారిగా ప్రకటించాలి. దానికి తగిన పేరు పెట్టాలి. గూడెంవారు పిలుచుకునే "ఒర్రె అవతలి తొవ్వ" అన్న పేరు బనియను మీద అచ్చువేయడానికి బాగుండదు. ఆదివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా కట్టెల మోపులు, తునికాకు మూటలు, జెట్టీలు ఎదురు రాకుండా చూడాలి. అత్యవసరమైన జెట్టీలకు ఎడమ పక్కన దారి ఇవ్వడానికి మా సభ్యులు, సూత్రప్రాయంగా, సిద్ధంగా ఉన్నారు. నమోదు రుసుములో బనియను, పతకం, అరటిపండు కలిసి ఉంటాయి.

వానకాలంలో వాగులు ఏ క్షణంలో పొంగుతాయో తెలియదు గనుక, ప్రాణాపాయాన్ని దృష్టిలో పెట్టుకొని జూన్ నుంచి అక్టోబర్ దాకా ఈ దారిని పూర్తిగా మూసివేయాలని మా భద్రతా ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. గూడెంవారు రన్నర్లుగా నమోదు కాలేదు గనుక ఈ మూసివేత వారికి వర్తించదు. వారు యథాప్రకారం వాగు దాటవచ్చును.