ఎనభై మూడు రెట్లు

పెదవాల్తేరులో ఒక మేడ. సాయంత్రం అయిదున్నర. విశాఖ ఉక్కపోత. ఆయన ఏదో మడత కాగితంతో విసురుకుంటున్నారు. ఒళ్లో నల్లటి కెమెరా. ఆవిడ ఎండిన వడియాలు ఎత్తుతోంది.

ఆవిడ: ఎంతకు కొన్నారో ఇంకా చెప్పలేదు.

ఆయన: ముందు దీని గుణగణాలు విను. నికాన్ పి900. 2015లో వచ్చింది. జూమ్ 83 రెట్లు!

ఆవిడ: అంత పాతదా? ఇక మన ఫ్రిజ్‌ను తప్పుపట్టడం ఎందుకు?

ఆయన: పాతది కాబట్టే చవక. ఎనిమిది వేలు.

ఆవిడ: నోటితో ధర చెబుతూ కళ్లు సముద్రం వైపు తిప్పారెందుకు?

ఆయన: ఓడల కోసం. 24 నుంచి 2000 మిల్లీమీటర్ల దాకా లాగుతుంది, తెలుసా?

ఆవిడ: రెండు మీటర్లా? జానెడు గొట్టం కూడా లేదు!

ఆయన: అది గొట్టం పొడవు కాదు, ఫోకల్ లెంగ్త్, దూరాన్ని ఎంత దగ్గరికి లాగుతుందో చెప్పే కొలత. అదీ అసలు 357 మిల్లీమీటర్లే. లోపల బొమ్మను పట్టే సెన్సరు చిటికెన వేలి గోరుకన్నా చిన్నది. అందుకని పెద్ద కెమెరాలో 2000 చేసే పని ఇందులో 357తోనే అయిపోతుంది.

ఆవిడ: మీ జీతంలాగా. చుట్టాలకు చెప్పేది ఒకటి, నా చేతికొచ్చేది ఒకటి.

ఆయన: (వినిపించుకోకుండా) ఇదిగో, నిన్న చీకటి పడ్డాక తీసిన డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్.

ఆవిడ: దీని మీద బొంబాయి రవ్వ ఎవరు ఆరబోశారు?

ఆయన: అది నాయిస్, వెలుగు చాలక పడే చుక్కలు. జూమ్ చివరికి వెళితే ఎపర్చరు, అంటే వెలుగు వచ్చే కన్నం, ఎఫ్/2.8 నుంచి ఎఫ్/6.5కు ఇరుకవుతుంది. అంకె పెరిగితే కన్నం చిన్నదైనట్టు. వెలుగు అయిదో వంతుకు తగ్గుతుంది. దానికి తోడు చిన్న సెన్సరాయె. పాపం, అది మాత్రం ఏం చేస్తుంది?

ఆవిడ: కెమెరా మీద ఎంత జాలి! మరి ఈ ఓడ మధ్యాహ్నం తీసిందేగా? ఇడ్లీ పాత్ర ఆవిరిలోంచి చూసినట్టుంది.

ఆయన: ఎండకు గాలి వేడెక్కి అలలాడుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా అంతే. పొద్దున్నే తీయాలి.

ఆవిడ: పొద్దున్నే పాలప్యాకెట్టు తీయడానికి లేవరు గానీ... సరే, రవ్వ పోయేలా కంప్యూటర్లో దిద్దుకోవచ్చా?

ఆయన: కొంతవరకే. ఇందులో రా ఫైలు రాదు, జేపెగ్ మాత్రమే. అంటే కూర వండి ఇస్తుంది, కూరగాయలు ఇవ్వదు.

ఆవిడ: ఉప్పెక్కువైతే?

ఆయన: తినడమే.

ఆవిడ: ఈ మాట మొన్న పులుసు గురించి గుర్తుండాల్సింది. ఇంతకన్నా మంచిది దొరకలేదా?

ఆయన: పి1000 ఉంది. 3000 మిల్లీమీటర్లు. కానీ కిలో నాలుగు వందల గ్రాములు, మెడ విరుగుతుంది. ‘ఒక అంగుళం’ అని పిలిచే పెద్ద సెన్సరున్న సోనీ ఆర్ఎక్స్10 నాలుగో రకం ఉంది. చీకట్లో ఎంతో నయం, కానీ 600 దగ్గరే ఆగిపోతుంది. నాకు చందమామ మీది గుంటలు కావాలి.

ఆవిడ: మన వీధిలో గుంటలు చాలలేదు! ఒక్కటి మాత్రం చెబుతున్నాను, దీన్ని నౌకాదళం వాళ్ల ఓడల వైపు తిప్పారంటే మిమ్మల్ని విడిపించడానికి నేను రాను.

ఆయన: కొంగలను తీస్తానులే. అన్నట్టు, ఆ అప్పడాల డబ్బా ఖాళీ చేసి ఇవ్వు. ఉప్పుగాలి తేమకు లెన్సులో బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టాలి.

ఆవిడ: అప్పడాలు మెత్తబడ్డా ఫరవాలేదు, ఇది మెత్తబడకూడదు! ఇలా ఇవ్వండి, నేనూ చూస్తాను.

(ఆయన మురిసిపోయి ఇచ్చేశారు. ఆ మురిపెమే కొంప ముంచింది.)

ఆవిడ: మీరు మసకగా కనిపిస్తున్నారేమిటి?

ఆయన: పూర్తి జూమ్‌లో అయిదు మీటర్ల లోపు ఫోకస్ కుదరదు. వెనక్కి వెళ్లు. ఇంకా. నీళ్ల ట్యాంకు దాకా వెళ్లు. ఇప్పుడు?

ఆవిడ: అద్భుతం! మీ చేతిలో కాగితం మీద అక్షరాలు కూడా... అరె, జగదాంబ దగ్గరి దుకాణం బిల్లా అది?

(విసనకర్ర ఆగిపోయింది. అప్పటికి తెలిసింది ఆయనకు, తాను దేనితో విసురుకుంటున్నారో.)

ఆవిడ: కదలకండి. కింది అంకెలు ఊగుతున్నాయి. వణుకు ఆపే ఏర్పాటు లేదా ఇందులో?

ఆయన: ఉంది... కానీ అది కెమెరా పట్టుకున్నవాళ్ల చెయ్యి వణికితేనే. ఎదుటివాడి చెయ్యి వణికితే దానికేం సంబంధం లేదు.

ఆవిడ: మరి దానికేం చేయాలి?

ఆయన: (చెప్పకుండా ఉండలేక) షట్టరు వేగం పెంచాలి. పైన చక్రాన్ని ఎస్ అన్న గుర్తు దగ్గరికి తిప్పు. వేగం సెకనులో అయిదు వందో వంతు పెట్టు. ఊపిరి బిగబట్టి మెల్లగా నొక్కు.

(క్లిక్.)

ఆవిడ: రెండు... ఆరు... అయిదు... సున్నా, సున్నా.

ఆయన: (చాలాసేపటికి) రవ్వ పడిందా?

ఆవిడ: లేదు. కామా కూడా కనిపిస్తోంది.