మా పెట్టెలో నల్లి లేదండీ!

"చూశానండీ, నాకేమీ కనిపించలేదు."

టెక్సస్‌లో, ముఖ్యంగా డాలస్ ఉత్తర శివార్లలో, పెరట్లో తేనెపెట్టె పెట్టుకున్న మన తెలుగు పెద్దమనుషుల్ని తేనెటీగల్ని పట్టి పీల్చే వరోవా నల్లి సంగతి అడిగితే ఇచ్చే శాస్త్రీయ నివేదిక ఇది. మొత్తం నివేదిక ఇంతే.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వరోవా నల్లి వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్. ఈగ పొట్ట కింద పలకల సందున దూరి కూర్చుంటుంది. మిగతావన్నీ మైనం మూత వేసిన పిల్లగదుల్లో తలుపులేసుకుని సంసారం చేస్తుంటాయి. అలాంటిదాన్ని ముసుగు వెనక నుంచి, ఒక చేత్తో వీడియో తీసుకుంటూ, ఒక్క చూపులో లేదని తేల్చేశారంటే ఆ కళ్ళకి దండం పెట్టాలి. అమెరికాలో ఇది 1987లో బయటపడింది, తర్వాత దాదాపు ప్రతి తేనెపెట్టెలోకీ పాకింది. ఆస్ట్రేలియావాళ్ళు 2022లో న్యూకాజిల్ రేవు దగ్గర దీన్ని పట్టుకుని, తుడిచిపెట్టేద్దామని వేల పెట్టెల్ని నాశనం చేసి, మరుసటి ఏడాది సెప్టెంబరులో ఇక మావల్ల కాదన్నారు. ఖండం ఖండమే ఓడిపోయింది గానీ, మన అన్నయ్యగారి పెరటి ప్రహరీ మాత్రం అది దాటలేకపోయింది.

(ఐదెకరాలు కొని, అందులో పెట్టెలు పెట్టి, ఆస్తిపన్ను తగ్గించుకునేవాళ్ళ జోలికి నేను పోను. వాళ్ళు పన్ను కోసమే అని ఒప్పుకుంటారు. నా గొడవంతా ప్రకృతి ప్రేమికులతోనే.)

ప్రకృతి ప్రేమికుడి దగ్గర ఒక సిద్ధాంతం ఉంటుంది. "మా ఊళ్ళో తేనెపట్టుకి ఎవరు మందేశారండీ?" నిజమే, ఎవరూ వేయలేదు. అరకు, పాడేరు వైపు పెట్టెల్లో పెంచే దేశీ ఈగకి ఈ నల్లి పాత చుట్టం. ఎంతో కాలంగా కలిసి బతికాయి కాబట్టి దేశీ ఈగ నల్లిని ఒంటిమీద నుంచి పీకి పారేస్తుంది, నల్లి పట్టిన మగపిల్ల గదిని తెరవకుండా అలాగే సమాధి చేస్తుంది. మీరు కారు వెనక సీట్లో పెట్టుకుని తెచ్చిన మూడు పౌన్ల ఈగలు ఐరోపా జాతివి. నల్లి వాటి మీదికి ఎక్కింది గత శతాబ్దంలోనే. చాలావాటికి ఆ విద్య ఇంకా రాలేదు. ఈ సంగతి చెప్తే ఆయన "నేచర్ విల్ ఫైండ్ ఎ వే" అంటారు. ఆయన పచ్చికకి మాత్రం ఏడాది పొడవునా మందు కొట్టే కంపెనీ వస్తుంది. అక్కడ నేచర్‌కి దారి దొరకలేదు.

సరే, లెక్కపెట్టండి అంటాం. పద్ధతి కష్టమేమీ కాదు. పిల్లలున్న ఫ్రేమ్ తీసి, రాణి దాని మీద లేదని చూసుకుని, అరకప్పు ఈగల్ని సీసాలోకి వంపాలి. సుమారు మూడొందలు వస్తాయి. ఆల్కహాల్ పోసి ఓ నిమిషం ఊపితే నల్లులు అడుగుకి దిగుతాయి. వందకి రెండు మూడు దొరికాయంటే మందు వేయాల్సిందే. ఈగలు మాత్రం చస్తాయి.

"మూడొందల ప్రాణాలండీ!" అని గోంగూర మటన్ రెండోసారి వడ్డించుకుంటూ ఆయన కళ్ళు తుడుచుకుంటారు. వేసవిలో రాణి రోజుకి వెయ్యికి పైగా గుడ్లు పెడుతుందనీ, దాదాపు అంతే సంఖ్యలో ముసలి ఈగలు రోజూ రాలిపోతాయనీ చెప్పినా ఆ దుఃఖం ఆగదు. అందుకని అహింసా మార్గం ఎన్నుకుంటారు, అంటే ఆల్కహాల్‌కి బదులు చక్కెరపొడి. దీనికి ముహూర్తం ఆదివారం. బంధుమిత్రులు వస్తారు. ఆడవాళ్ళు కిటికీ లోపల, మగవాళ్ళు గ్రిల్ వెనక. విజయవాడలో అమ్మగారు వీడియో కాల్‌లో. అన్నయ్యగారు తెల్ల సూటులో దిగుతారు. పిల్లలున్న ఫ్రేమ్ తీస్తే కుడతాయని పైన తేనె అర తెరుస్తారు, అక్కడ నల్లి తక్కువే ఉంటుంది. అరకప్పు అంటే మరీ ఎక్కువని ఓ నలభై ఈగల్ని చేర్చుకుంటారు. కాజాల కోసం తెచ్చిన పొడి చల్లుతారు. ఊపండి అంటే, ఊపరు, జోల పాడతారు. ఈగలు ఒళ్ళంతా విభూతి పూసుకుని బయటికొస్తాయి. తెల్ల ప్లేటులో రెండు నల్లులు పడతాయి. "రెండే!" అని కేక. చప్పట్లు. అమ్మగారు దిష్టి తీయమంటారు. ఫొటో గ్రూపులోకి వెళ్తుంది.

నలభైకి రెండు అంటే వందకి అయిదు స్వామీ! ఇంటి అప్పుమీద పావు శాతం వడ్డీ తేడాని నిద్రలో లెక్కగట్టే బుర్ర ఇది.

ఇక వైద్యం. గ్రూపులో వేపనూనె, పసుపు, సాంబ్రాణి పొగ, హోమియో మాత్రలు. గుంటూరు పిన్నిగారు "వాము పెట్టరా" అన్నారు. తమాషా ఏమిటంటే, వాములో ఉండే థైమాల్‌తోనే నిజంగా నల్లికి జెల్ మందు చేస్తారు. అంత మందిలో శాస్త్రం దగ్గరదాకా వచ్చింది ఆవిడ ఒక్కతే, ఆవిడ మాటే ఎవరూ వినలేదు. చివరికి మందు తెచ్చినా అట్ట చదవరు. ఫార్మిక్ ఆమ్లం 85 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే వద్దని రాసుంటే, వంద డిగ్రీల ఆగస్టు మధ్యాహ్నం పెట్టి రాణిని చంపుకుంటారు. ఎనిమిది వారాల్లోపు తీసేయాల్సిన అమిట్రాజ్ అనే మందు పట్టీలు ఉగాది దాకా లోపలే వేలాడతాయి. ఆ మందుకి లొంగని నల్లుల్ని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2025లో చచ్చిన పట్టుల్లో చూశారు. వాటిని పెంచి పోషించిందెవరో మరి.

దీపావళికి పెట్టె ఖాళీ. "ఎగిరిపోయాయండీ, స్వేచ్ఛాజీవులు కదా."

ఎగిరిపోలేదు. ఎగిరే రెక్కలే లేకుండా పుట్టాయి. నల్లి ఎక్కించిన వైరస్‌కి రెక్కలు ముడుచుకుపోయి మీ గడ్డిలో పాకుతూ చచ్చాయి. చలికాలం గడపడానికి దాచుకునే కొవ్వునే నల్లి పీల్చేస్తుందని మేరీలాండ్ పరిశోధకులు 2019లో తేల్చారు. అవి పాకుతుంటే మీరు వాటి పక్కనే కుర్చీ వేసుకుని టీ తాగారు. సీసాలో మూడొందలు చస్తే హింస, ముప్ఫై వేలు పెట్టెలో కుళ్ళితే ప్రకృతా? ఏ మందూ వేయకపోవడం గొప్పతనం కాదు, ఒళ్ళు బద్ధకం. పైగా దిక్కులేని ఆ తేనె దోచుకోవడానికి వచ్చిన ఈగలు నల్లుల్ని కూడా మోసుకెళ్ళాయి. ఆ ఈగలు, వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ నెలనెలా సీసా ఊపి, లెక్కరాసి, కాపాడుకున్న పెట్టెలవి. నవంబరులో ఆవిడకి రెండు పోయాయి. ఎందుకు పోయాయో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

అన్నయ్యగారు ఏప్రిల్‌కి మళ్ళీ మూడు పౌన్లు బుక్ చేశారు. ఈసారి పెట్టెకి పసుపు రంగు వేయాలా, నీలమా అని గ్రూపులో ఓటింగ్ నడుస్తోంది.